రాజుగారి నీలి మీసాలు

ఎప్పటి మాటో చెప్పలేను గానీ, వెలుగేరు పారే మేటికొండ రాజ్యాన్ని ప్రచండవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయనకు ప్రాణం కన్నా మిన్న అయినవి రెండే. ఒకటి, పాలనురుగులాంటి తన తెల్లటి మీసాలు. రెండోది, తన పేరు ముందు పొడుగాటి బిరుదుల వరస. రాజ్యంలో ఏ కొత్త పని మొదలైనా ఆ వరసలో ఇంకో బిరుదు చేరేది. అందుకే అక్కడ కొత్త పనులకు కొదవుండేది కాదు.

ఒక ఏడు నీలిమందు వర్తకుడొకడు వచ్చి ఏటి ఎగువన పెద్ద పెద్ద తొట్లు కట్టాడు. నీలి ఆకు ఆ తొట్లలో నానబెట్టి, కుళ్ళబెట్టి, రంగు తీసుకుని, మిగిలిన మురుగంతా ఏట్లోకి వదిలేవాడు. రాజుగారికి ‘నీలవర్ణ సార్వభౌమ’ అనే బిరుదు దక్కింది. దిగువన ఇసుకపాలెం వాళ్ళకు మురుగు దక్కింది.

ఆ ఊళ్ళోనే ఉండేది సుంకమ్మ. కొలువులో హాస్యగాడు ఓబన్నకు సొంత అక్క. ఎండాకాలం ఏరు సన్నబడగానే ఇసుకలో గుంటలు తీసి దోసపాదులు పెట్టడం ఆ ఊరివాళ్ళ బతుకు. ఆ కాయలమ్మితేనే ఏడాదంతా కూడు. ఆ ఏడు సుంకమ్మ మాడిపోయిన తీగనొకదాన్ని కొంగులో కట్టుకుని తమ్ముడి ఇంటికొచ్చింది.

“పాదులన్నీ ఇట్లే అయిపోయినాయిరా ఓబా. ఆ నీళ్ళు తాగిన ఎనుము మళ్ళీ పైకి లేయలేదు. రేపు మేమూ అంతే. నువ్వు రాజు పక్కన కూచుండేవాడివి, ఒక మాట చెప్పకూడదా?”

“వచ్చే వారమే ఏటి పరీక్ష అక్కా. అక్కడ అడుగుదాం,” అన్నాడు ఓబన్న.

రాజుగారి తాతగారు పెట్టిన కట్టడి అది. ఏటి ఒడ్డున పని చేసుకునే వాళ్ళెవరైనా ఏడాదికోసారి పరీక్షకు నిలబడాలి. పరీక్షాధికారి ఏటి నీళ్ళు తాగి చూపాలి. దిగువ ఊళ్ళవాళ్ళను అభ్యంతరం ఉందా అని అడగాలి. పాపం, తాతగారు మంచి మనసుతోనే పెట్టి ఉంటారు.

పరీక్ష రోజు వచ్చింది. పరీక్షాధికారి విద్యాధర భట్టు వెండి చెంబుతో కొలువులోకి వచ్చి, అందరూ చూస్తుండగా గటగటా తాగి, “అమృతం!” అన్నాడు. ఆ నీళ్ళు తొట్లకు ఇంకా పైన, కొండ మీంచి ఏరు దిగే చోట పట్టినవి.

తర్వాత దండోరావాడు కొలువు మధ్య నిలబడి, శిల్పాలు చెక్కిన స్తంభాల వంక చూస్తూ, “ఇసుకపాలెం వారికి అభ్యంతరం ఉన్నదా?” అని అరిచాడు. స్తంభాలు ఏమంటాయి? సుంకమ్మను భటులు కోట గుమ్మం దగ్గరే ఆపేశారు.

ఓబన్న లేచాడు. “ప్రభూ, ఇసుకపాలెం వాళ్ళను ఇసుకపాలెంలో కదా అడగాలి?”

“ఎక్కడ అడగాలో కట్టడిలో లేదు,” అన్నాడు భట్టు. “ఏ చోటి నీళ్ళు తాగాలో కూడా లేదు. అడగడం వరకే మన వంతు. పలకకపోతే ఒప్పుకున్నట్టే.”

హాస్యగాడు మాట్లాడాడు కదా అని సభంతా నవ్వింది. ఓబన్నకు ఒళ్ళు మండిపోయింది. జీవితమంతా వీళ్ళను నవ్వించడానికి పాటుపడ్డవాడికి ఆ రోజు ఆ నవ్వు విషంలా తోచింది. అయినా మొహంలో ఏమీ కనపడనీయకుండా చేతులు కట్టుకుని అడిగాడు.

“ఈ పద్ధతి అందరికీ ఒకటేనా ప్రభూ?”

“రాజు మొదలు బంటు దాకా అందరికీ ఒకటే!” అన్నాడు ప్రచండవర్మ మీసం దువ్వుతూ.

ఓబన్నకు కావలసింది ఆ మాటే. మర్నాడే ఇసుకపాలెం వెళ్ళి డప్పు కొట్టించాడు. ఊరంతా పోగయ్యాక గొంతెత్తి, “ఈ రేవు నీళ్ళు రాజుగారి స్నానాల కొలనులో పోయదలిచాం. అంతఃపురం వారికి అభ్యంతరం ఉన్నదా?” అని అడిగాడు. ఏటి ఒడ్డున కొంగలున్నాయి గానీ, అంతఃపురం వాళ్ళెవరూ లేరు.

“ఎవరూ పలకలేదు. ఒప్పుకున్నట్టే. బండ్లు కట్టండి,” అన్నాడు.

రాజుగారి స్నానాల కొలనుకు కొత్త నీళ్ళు తెచ్చామంటే కాపలావాళ్ళు అడ్డు చెప్పలేదు. పరీక్షలో నెగ్గిన నీళ్ళే కదా! మర్నాడు పొద్దున రాజు కళ్ళు మూసుకుని, స్తోత్రాలు చదువుకుంటూ మూడు మునకలు వేశాడు. నాలుగో మునక వేయలేదు. ముక్కు మూసుకుని పైకొచ్చి అద్దం చూసుకునేసరికి పాలనురుగు మీసాలు కాస్తా నెమలికంఠం రంగుకు తిరిగాయి.

“ఎవడా పని చేసింది?” కొలువు దద్దరిల్లిపోయింది.

“నేనే ప్రభూ. పద్ధతి ప్రకారమే చేశాను. ఇసుకపాలెంలో డప్పు కొట్టించి అడిగాను. తమరు పలకలేదు.”

“నేను ఇక్కడుంటే అక్కడ ఎట్లా పలుకుతానురా?”

“మా అక్క కూడా అదే అడిగింది ప్రభూ.”

రాజు ఒళ్ళంతా బరుక్కుంటూ భట్టు వైపు తిరిగాడు. ఓబన్న అప్పటికే కొలను నీళ్ళు వెండి చెంబులో ముంచి తెచ్చి ఉన్నాడు. “ఏటి నీళ్ళే స్వామీ. పుచ్చుకోండి.”

భట్టు వెనక్కి జరిగాడు. “ఈ పూట నాకు... నిర్జల వ్రతం.”

అంతే. సభ మొత్తం రాజుగారి నీలి మీసాల వంక చూస్తూ పెదవులు బిగపట్టింది. వాళ్ళు నవ్వేలోపు తానే నవ్వకపోతే పరువు దక్కదని రాజుకు తెలిసిపోయింది. పగలబడి నవ్వాడు.

“భలేవాడివిరా ఓబా! ఏం కావాలో కోరుకో. ఇచ్చాం.”

“వచ్చే పున్నమి నుంచి తమరు తాగే మంచినీళ్ళు ఇసుకపాలెం రేవు నుంచే రావాలి ప్రభూ. బతికినన్నాళ్ళూ.”

రాజు నవ్వు ఆపేశాడు. నిండు కొలువులో ఇచ్చిన మాట. నీలి మీసాన్ని ఒకసారి తడుముకుని, మళ్ళీ నవ్వాడు. ఈసారి సన్నగా. ఆ రోజే తొట్లు పగలగొట్టించాడు. ఓబన్న చేతికి బంగారు కడియం తొడిగాడు. వర్తకుడికి పొరుగు సీమలో ఇంకో ఏటి ఒడ్డు చూపించారు. ఆ ఏటి నీళ్ళు రాజు తాగడు. వందిమాగధులు మాత్రం ఊరుకుంటారా? ‘నదీజన సంరక్షక’ అని కొత్త బిరుదు కట్టేశారు.

సాయంత్రం ఓబన్న ఏటి ఒడ్డుకు వెళ్ళాడు. సుంకమ్మ మాడిన పాదులు పీకి పోగులు పెడుతోంది. కడియం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని చూడనైనా చూడలేదు.

“తొట్లు పగలగొట్టినారంట కదా. మా గురించి ఏమన్నాడురా రాజు?”

ఓబన్న ఆమె పక్కనే ఇసుకలో కూలబడ్డాడు.

“మీ ఊసే రాలేదక్కా. ఆ నీళ్ళు తాను తాగాల్సి వచ్చింది, అంతే.”