రాజుగారి తొట్టిలో చిటికెడు పసుపు

రోజూ వేడినీళ్ళ తొట్టిలో కూర్చునే రాజుకు ఆ వారం ఒళ్ళంతా మంట. "నీళ్ళు కాచేదాని చేతి మురికి ప్రభూ" అన్నాడు రాజవైద్యుడు. నీళ్ళు కాచే సూరమ్మను ఊరు దాటించమన్నాడు రాజు.

"పోతాను దొరా, ఒక్క చిటికెడు పసుపు వేసి చూసి పోతాను" అంది సూరమ్మ.

బావినీళ్ళలో వేస్తే పసుపుగానే ఉంది. తొట్టిలో వేస్తే నీళ్ళు ఎర్రబడ్డాయి.

"సున్నం పడితేనే ఇట్టా అవుతాయి. దిష్టి తీసి పారబోసే నీళ్ళివి. వీటిలో ఎవర్నీ కూర్చోబెట్టం."

"తేటపడతాయని నేనే కాస్త వేశాను" అని నసిగాడు వైద్యుడు.

"పులుపు పడితే ఎరుపు విరుగుద్ది దొరా. కాస్త వేసినవారు కాస్త నిమ్మకాయ పిండితే చాలు."

రాజు పిండమన్నాడు. వైద్యుడు రెండో బస్తా విప్పాడు, నీళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి.

"రేపు నీళ్ళు ఎప్పటికి కాచను దొరా?" అంది సూరమ్మ.