ఇల్లు మింగిన సింగారమ్మ

అనగా అనగా... అంటే ఎన్నేళ్ళ కిందటో నన్నడగొద్దు, నాకు ఎక్కాలు పన్నెండో దానితో ఆగిపోయాయి... ఒక రాజుగారికి ఒక పూలతోట ఉండేది. రాజుగారు ఏడాదికొక్కసారి వచ్చి, రెండు పూలు వాసన చూసి, తుమ్మి వెళ్ళిపోయేవారు. మిగిలిన రోజులన్నీ ఆ తోట పురుగూ పుట్రదే.

ఆ తోటలో ఒక గోరింట పొదకీ, ఒక దానిమ్మ చెట్టుకీ నడుమ బారెడు సందు. ఆ సందులో సింగారమ్మ అనే సాలీడు కాపురం ఉండేది.

పేరుకు తగ్గ సొగసు ఆమెది. ఒంటినిండా పసుపు పట్టెలు, పట్టెకీ పట్టెకీ మధ్య నల్లంచు, తలమీద వెండిపూత. ఎనిమిది కాళ్ళనూ రెండేసి చొప్పున జతచేసి, గుణకారం గుర్తులా చాపుకొని, తల కిందికి పెట్టి కూర్చునేది. అద్దం ముందు గంటసేపు నిలబడినా నాకు రాని కళ, ఆమెకు తలకిందులుగా వేలాడుతుంటే వచ్చేది.

గూటి నడుమ తెల్లదారంతో వంకరటింకరగా ఒక కుట్టు కుట్టేది. చిరుగుకు మాసిక వేసుకుందని చీమలు నవ్వుకునేవి. పిట్టలు చూసుకోకుండా దూసుకొస్తే వాటికీ చిరాకు, తనకీ చేటు, అందుకని కనబడేలా గుర్తు పెట్టానని ఆమె చెప్పేది. ఎవరూ నమ్మలేదు.

ఇంకో అలవాటు కూడా ఉంది. ప్రతి వేకువనా పాత గూటిని దారం దారంగా చుట్టి మింగేసేది. పాత దారం కడుపులో కరిగి కొత్త దారమయ్యేది. పొద్దు బారెడెక్కేసరికి అదే సందులో కొత్త గూడు తళతళలాడేది.

ఆ తోటకు మునసబు ఒక ముసలి నత్త. మంచివాడే. కానీ పుట్టినప్పటినుంచీ వీపుమీద ఇల్లున్నవాడు గదా, ఇల్లు లేని పొద్దు ఒకటుంటుందని ఆయన ఊహకందలేదు. అందుకే తోటకు ఒక కట్టుబాటు పెట్టాడు. తెల్లవారేసరికి ఇల్లు నిలబడి లేని చోటు ఎవరిదీ కాదు. వరసగా మూడు వేకువలు అలా కనిపిస్తే, ఆ చోటు అడిగినవాడిది.

అడిగేవాడు ఉండనే ఉన్నాడు. తోటగోడ గూట్లో గుండయ్య అనే మసిరంగు సాలీడు ఉండేవాడు. అతని గూడు తాతముత్తాతల నాటిది. దుమ్ము, ఎండుటాకులు, ఎప్పుడో తిన్న ఈగల రెక్కలు అంతా కలిసి దుప్పటంత మందమైంది. అదే తన వంశగౌరవమని వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ చూపించేవాడు. చూడ్డానికి వచ్చేవాళ్ళేగాని, చిక్కడానికి వచ్చేవాళ్ళు మాత్రం లేరు.

ఆ ఏడు దానిమ్మ విరగబూసింది. దోమలూ ఈగలూ గుంపులు గుంపులుగా ఆ సందులోంచే పోతున్నాయి. గుండయ్య మునసబు దగ్గరికి పోయి, ఆ సందు తెల్లవారుజామున ఖాళీగా ఉంటోందనీ, అది తనకిప్పించాలనీ అడిగాడు.

కబురు విన్న సింగారమ్మ కాళ్ళమీద రోజులు లెక్కపెట్టుకుంది. వారంలో గుడ్లు పెట్టాలి. నాలుగు రోజులు కడుపునిండా తింటేనే ఆ గుడ్లకు పట్టుసంచీ అల్లగలదు. ఆ సందు పోతే తానూ దక్కదు, పిల్లలూ దక్కరు.

మొదటి వేకువన మునసబుగారు వచ్చేసరికి సింగారమ్మ కడపటి పోగు మింగుతోంది. ఆమె చెప్పబోయేలోగా ఆయన రెండు కొమ్ముకళ్ళూ అటూ ఇటూ తిప్పి చూశాడు. సందు ఖాళీ. గోరింట మొదలు దగ్గర తన జిగురుతో ఒక గీత గీసి వెళ్ళిపోయాడు.

సింగారమ్మకు ఒక మొగుడున్నాడు. పేరు చిన్నప్ప. ఆమె మోకాలంత ఉంటాడు. గూటి అంచున ఒక పోగు పట్టుకొని, ఆమెకు ఆకలి వేసినప్పుడు కొంచెం ఎడంగానూ, తిన్నాక కొంచెం దగ్గరగానూ కాపురం చేస్తుంటాడు. ఇంట్లో అంత తెలివిగా మసులుకోవడం నాకు ఇరవయ్యేళ్ళకు గాని పట్టుబడలేదు.

"నాలుగు రోజులు మింగకుండా ఉండరాదూ? అందరిలాగా ఉంటే ఏం పోయింది?" అన్నాడు చిన్నప్ప.

ఆమెకూ నిజమేననిపించింది. ఆ రోజు అల్లిన గూటిని మర్నాటి వేకువకు మింగకుండా అలాగే ఉంచేసింది. పగటి దుమ్ము పడి జిగురు చచ్చిపోయింది. సాయంత్రం ఒక్క దోమ కూడా అంటుకోలేదు. పైగా ఒక పేడపురుగు తన దారిన తాను వస్తూ పెద్ద కన్నం చేసుకుపోయింది. వేకువన మంచు బరువుకు మిగిలింది కాస్తా తెగి గోరింట కొమ్మకు పేలికలా వేలాడింది. మునసబు వచ్చాడు, చూశాడు, రెండో గీత గీశాడు.

సింగారమ్మ ఆ పేలికను కాలితో తడిమి చూసింది. గూడు పోయింది, ఆకలి మిగిలింది.

"ఏమయ్యా, ఇంకొకరిలా ఉండబోయి రెంటికీ చెడ్డాను. రేపు ఏమైనా కానీ, నా పని నేను నా పద్ధతిలోనే చేస్తాను" అంది. చిన్నప్ప కొంచెం ఎడంగా జరిగాడు. పేలికను చుట్టి మింగి, ఆ రోజుకు ఆలస్యంగానే కొత్త గూడు అల్లింది. నాలుగు దోమలు చిక్కాయి.

మూడో వేకువకు తోటంతా అక్కడే ఉంది. చీమలు బారులు తీరాయి. గొంగళిపురుగులు ఆకు తినడం ఆపి మరీ తలలెత్తాయి. గుండయ్య మీసాలు దువ్వుకొని ముందువరసలో నిలబడ్డాడు. అందరూ చూస్తుండగానే సింగారమ్మ తన గూటిని మొదటి పోగునుంచి చివరి పోగుదాకా నిదానంగా మింగేసింది.

"చూశారా, తన ఇల్లు తానే తినే మనిషికి చోటెందుకండీ?" అన్నాడు గుండయ్య.

మునసబు మూడో గీతకు ఒళ్ళు వంచాడు. అప్పుడు సింగారమ్మ ఆయన ఎదుటికి దిగి వచ్చింది.

"మునసబుగారూ, మీరు ఇల్లు వీపున మోస్తారు. నేను కడుపులో మోస్తాను. తమరు ఈ గోరింట మొదలునుంచి ఆ దానిమ్మ మొదలుదాకా నడిచి చేరేంత గడువివ్వండి. అప్పటికి నా ఇల్లు కనబడకపోతే ఆ గీత గీసేయండి."

నత్త ఆలోచించాడు. ఆయన ఆలోచన కూడా ఆయన నడకలాంటిదే. చివరికి, ఇల్లు లేకపోతే చోటు లేదన్న మాట ఉన్నవాళ్ళకూ అడిగేవాళ్ళకూ ఒకటేననీ, కాబట్టి ఇద్దరూ కట్టాలనీ తేల్చాడు. పైసగం సింగారమ్మకు, కిందిసగం గుండయ్యకు.

గుండయ్య తెల్లబోయాడు. మసిరంగువాడు గనక అది పెద్దగా కనబడలేదు.

"కట్టడమేమిటండీ? గూడు చోటుతోపాటే వస్తుంది గదా. మా తాతగారినుంచి నాకు అలాగే వచ్చింది" అన్నాడు.

చీమలబారు నవ్వలేక వంకర్లు తిరిగింది. మునసబు నడక మొదలుపెట్టాడు.

సింగారమ్మ గోరింట కొమ్మెక్కి ఒక సన్నని పోగును గాలికి వదిలింది. అది తేలిపోయి దానిమ్మ రెమ్మకు అతుక్కుంది. దాని మీదుగా నడిచింది, నడుమనుంచి కిందికి జారింది, బండిచక్రానికి నడుమనుంచి అంచుదాకా ఆకుకర్రలు దిగ్గొట్టినట్టు పోగులు లాగి కట్టింది. ఆ పైన వెలుపలినుంచి లోపలికి సుడులు సుడులుగా జిగురుదారం చుట్టుకుంటూ వచ్చింది. ఒక కాలితో కొలుస్తుంది, ఒక కాలితో అతికిస్తుంది. చివర నడిమధ్యన వంకరటింకర కుట్టు వేసి, తలకిందులుగా కూర్చుంది.

కింద గుండయ్య లాగిన మొదటి పోగు అతని కాలికే చుట్టుకుంది. రెండోది రెండో కాలికి చుట్టుకుంది. మూడో పోగుకు అతను మూటయ్యాడు. ఎలాగో విడిపించుకొని, ఉక్రోషంతో పైకెక్కి ఆమె గూటిమీద కాలు పెట్టాడు.

సింగారమ్మ కదల్లేదు. కూర్చున్నచోటే గూటిని ఊపింది. ఎంత జోరుగా ఊపిందంటే, పసుపూ నలుపూ వెండీ అన్నీ కలిసిపోయి సాలీడే కనిపించలేదు, ఒక మెరుపుచక్రం తప్ప. గుండయ్య ఎగిరి ఎండుటాకుల్లో పడ్డాడు.

ఇంతలో ఒక తేనెపిట్ట దానిమ్మపూల మీదికి బాణంలా వచ్చింది. గూటికి బెత్తెడు దూరంలో తెల్లకుట్టు కంటబడి, పిట్ట రెక్క వాల్చి పక్కకు తిరిగిపోయింది. మాసిక అని నవ్విన చీమలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

అప్పటికి మునసబు దానిమ్మ మొదటికి చేరాడు. వెనక్కు తిరిగాడు. అదీ కొంతసేపు పట్టింది. పైకి చూశాడు. పొద్దు గూటివెనకనుంచి లేస్తోంది, ప్రతి పోగూ మెరుస్తోంది, నడుమ సింగారమ్మ పతకంలా ఉంది.

"అమ్మా, ఇన్నేళ్ళూ ఇల్లంటే నిలబడి ఉండేదనుకున్నాను. నిలబెట్టే ఒడుపుంటే అదీ ఇల్లేనని నాకు నీ దగ్గర తెలిసింది. ఈ సందు నీది. నీ తరవాత, అల్లగలిగితే, నీ పిల్లలది" అన్నాడు మునసబు. పాత గీతలు రెండూ తన ఒంటితోనే తుడిచేసి, కట్టగలిగినవాడిదే చోటని కట్టుబాటును మార్చి చాటించాడు.

తోటంతా గోల గోలగా మెచ్చుకుంది. ఆ గోలకు బెదిరిన దోమలు పదమూడు ఒక్కసారే గూట్లో చిక్కాయి. వారానికి సింగారమ్మ గోరింటాకు చాటున పట్టుసంచీ అల్లి, గుడ్లన్నీ అందులో భద్రంగా పెట్టింది. చిన్నప్ప దగ్గరగా జరిగి కూర్చున్నాడు.

కాబట్టి పిల్లలూ, ఒకప్పుడు కట్టినదాన్ని పట్టుకు వేలాడేవాడికి గాలి వీస్తే భయం, రేపు మళ్ళీ కట్టగలిగినవాడికి ఏ చోటైనా సొంతిల్లే.