నాలుగు మూలల పసుపు

రెండు వేల తొమ్మిది, దసరా వెళ్ళిన మర్నాడు. వానలు వెనకబట్టాయి గాని గోడల తేమ ఇంకా ఆరలేదు. పార్వతీపురంలో లక్కోజు మాణిక్యాచారి గారి శుభలేఖల దుకాణంలో ఇది జరిగింది. నేను అప్పుడు ఆ దుకాణంలో కాగితం కోసే మిషను దగ్గర ఉండేవాణ్ణి. కళ్ళారా చూసిందే చెబుతున్నాను.

మాణిక్యాచారి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. "పని మొదలెట్టు" అనేవారు. పనిలో జవాబు దొరికితే సరే, దొరక్కపోతే ఆ ప్రశ్నకి ఇంకా వేళ కాలేదని ఆయన లెక్క. ఆ పొద్దున అడిగింది పైడితల్లి. జూట్ మిల్లు కార్మికుడి కూతురు, ఆయన దగ్గర కంపోజింగు నేర్చుకుంటున్న చిన్న శిష్యురాలు. కంప్యూటరు ముందు నిలబడి కాసేపు తటపటాయించి, "గురుగారూ, మీరు చేసిన పనిలో నాకు తప్పు కనబడితే చెప్పాలా, ఊరుకోవాలా?" అంది.

పెద్ద శిష్యుడు గౌరీశ్వరరావు పక్కనే కవర్లకి జిగురు రాస్తున్నాడు. "ఏటే, దసరాకి కొత్త బట్టలు కడితే కళ్ళు కూడా కొత్తవొచ్చీసినాయా?" అన్నాడు.

గురువు గారు నవ్వలేదు, కోప్పడలేదు. "కంప్యూటరు తెరువు. సాలూరు పెళ్ళివారు వచ్చేస్తారు" అన్నారు.

ఇక్కడ ఆ అక్షరాల సంగతి చెప్పాలి. ఆచారి గారి తాతలు ఇత్తడి బిందెల మీద ఉలితో పేర్లు చెక్కినవాళ్ళు. ఈయన ఆ పనితనాన్ని కాగితం మీదికి తెచ్చారు. అ నుంచి ఱ దాకా, గుణింతాలూ ఒత్తులూ అన్నీ ఏళ్ళ తరబడి గీసి, విశాఖపట్నంలో తెలిసిన ఒకాయన చేత కంప్యూటర్లో ఎక్కించారు. రెండు జతలు. శుభలేఖలో మాటలకు సన్నవి, వధూవరుల పేర్లకు లావువి. కార్డు చేతిలోకి తీసుకోగానే ఇది మాణిక్యాచారి అక్షరం అని అటు బొబ్బిలి నుంచి ఇటు కురుపాం దాకా చెప్పేవారు. వయసు మీరాక రాత్రిబడిలో నేను దిద్దింది ఆయన రాసి ఇచ్చిన అట్టల మీదే. కాబట్టి అంతటి అక్షరం ఇంకొకటి ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, ఇప్పుడూ ఒప్పుకోను. ఎక్కించిన ఆయన కాలం చేశాడు. అది తాళం వేసిన సాఫ్ట్‌వేరు, కాపీకి లొంగదు. అక్షరాలన్నీ ఆ ఒక్క పాత పెట్టెలోనే ఉండేవి, బీరువాలో జతకి ఒకటి చొప్పున సీడీలు రెండు ఉండేవి.

ఆ పెట్టెలో తెలుగు రాయాలంటే తెర మీద కుడి చేతి వైపు అడుగున "తె" అని ఒక చిన్న గుర్తు ఉండేది. దాన్ని నొక్కితే కీబోర్డు తెలుగులోకి తిరిగేది, మళ్ళీ నొక్కితే ఇంగ్లీషు. మామూలుగా ఆ చోట గడియారం కూడా ఉంటుంది. పని చేసేవాడికి టైముతో ఏం పని అని గురువు గారు దాన్ని ఎప్పుడో తీయించేశారు. అందువల్ల "తె" ఒక్కటే ఆ మూలకి కాపలా కాస్తున్నట్టు ఉండేది. ముందురోజు ఆయుధపూజకి మిషన్లన్నీ ఆపేసి, కడిగి, తుడిచి, గురువు గారు తన చేత్తో పసుపు కుంకుమ పెట్టారు. నా కత్తికి పెట్టారు, అచ్చు మిషనుకి పెట్టారు, కంప్యూటరుకీ పెట్టారు. ఆయన పెట్టిన పసుపు దానంతటది రాలిపోవాలి గాని ఎవరూ తుడవకూడదు. అది ఆ దుకాణంలో కట్టుబాటు.

పైడితల్లి మిషను తెరిచింది. తెరుచుకుంది. కార్డు నమూనా తీసి టైపు కొడితే ఇంగ్లీషు పడింది. తెలుగులోకి తిప్పుదామని మౌసు పట్టుకుని కిందికి వెళ్ళింది. "తె" లేదు.

ఆపి మళ్ళీ తెరిచారు. లేదు. గౌరీశ్వరరావు వచ్చి మౌసు లాక్కుని తనూ చూశాడు. లేదు. సాలూరు నుంచి పెళ్ళికూతురి మేనమామ అప్పటికే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. సాయంత్రానికి కార్డులు పట్టుకెళ్ళకపోతే మర్నాడు అమ్మవారి పాదాల దగ్గర పెట్టడానికి తొలి శుభలేఖ ఉండదు. ఆయన మెడ చాచి చూసి, "ఏటి ఆచారిగారూ, మీ పెట్టికి పండగ మత్తు దిగినట్టు లేదే" అన్నాడు. గురువు గారు మెకానిక్కు శివున్నాయుడికి కబురు పంపారు.

శివున్నాయుడు పనిమంతుడే, తీసిపారెయ్యడానికి లేదు. నడుస్తున్న ప్రోగ్రాముల వరస తీసి చూశాడు. తెలుగు కీబోర్డు అందులో ఉంది. "నడుస్తోందండి, గుర్తు ఒక్కటే మొహం చూపించట్లేదు" అన్నాడు. వాడకంలో లేని గుర్తుల్ని తెర దాచేస్తుంది, వాటిని బయటికి లాగే చిన్న బాణం ఉంటుంది. దాన్ని నొక్కాడు. దాచొద్దని టిక్కు మార్చాడు. స్పీకరు గుర్తు వచ్చింది గాని "తె" రాలేదు. అప్పుడు, "లావు అక్షరాల ప్యాకు అడ్డం తిరిగినట్టుంది. తీసేసి సీడీ నుంచి మళ్ళీ ఎక్కిస్తాను. సన్నవాటి జోలికి పోను" అన్నాడు. గురువు గారు తలూపారు. లావువి తీసేశాడు. సీడీ పెట్టాడు. పెట్టె కాసేపు గర్రుమంది, మూలిగింది, సీడీని బయటికి తోసేసింది. తిప్పి చూస్తే వెనక వానాకాలపు బూజు చుక్కలు. పంచెతో తుడిచి పెట్టాం. కిరోసిన్ గుడ్డతో తుడుద్దామని నేనే అన్నాను, ఎవరూ వినలేదు. ఎన్నిసార్లు పెట్టినా పెట్టె దాన్ని తినలేదు. "తె" మాత్రం అప్పుడూ రాలేదు.

లావు అక్షరాలు పోయినట్టే.

"ఇంకా సన్నవి ఉన్నాయి కదా" అన్నాడు గౌరీశ్వరరావు.

"ఉండి ఏం లాభం? గుర్తు లేకపోతే వాటితో రాయలేరు కదా. రెండో సీడీ బాగుందేమో. వీటినీ తీసి, అది పెట్టి చూద్దాం. పడితే పడింది" అన్నాడు శివున్నాయుడు. పడకపోతే ఏమవుతుందో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

మేనమామ లేచి నిలబడ్డాడు. "ఏ అక్షరమైతేనేటి ఆచారిగారూ, బజార్లో దొరికేదాంతో కొట్టేయండి. పెళ్ళికొడుకు అక్షరాలు చూసి పిల్లని చేసుకుంటాడా?"

గురువు గారు ఆయన వైపు తిరిగారు. "నా దుకాణంలో నా అక్షరమే పడుతుంది. లేకపోతే ఏదీ పడదు" అన్నారు. తరవాత శివున్నాయుడితో, "తియ్యి. నేను గీసినవే కదా. పోతే మళ్ళీ గీస్తాను" అన్నారు.  

శివున్నాయుడు ఎడమ మూలకి వెళ్ళి స్టార్ట్ బొత్తాం నొక్కాడు. పొద్దున్నుంచి అందరం దాన్ని నొక్కుతూనే ఉన్నాం. అందరం దాని కుడి సగమే నొక్కుతున్నాం, ఎడమ సగం మీద పసుపు ఉంది కాబట్టి. వరస తెరుచుకుంది. సన్నక్షరాల పేరు ఎంచుకున్నాడు. నిజంగా తీసేయమంటారా అని తెర అడిగింది. బాణం అవును మీదికి వెళుతోంది.

"ఆగండి నాయుడుగారూ!"

పైడితల్లి అంత గట్టిగా అరవడం నేను అంతకుముందు వినలేదు. శివున్నాయుడు మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. ఆ పిల్ల చున్నీ కొస కూజాలో ముంచి తెర దగ్గరికి వచ్చింది. ఎడమ మూల చూసింది, కుడి మూల చూసింది. గౌరీశ్వరరావు ఆమె ఏం చేయబోతోందో కనిపెట్టి, "ఒలే! పండగ పసుపే అది! గురుగారి చేత్తో పెట్టింది. చెయ్యెట్టకు!" అని అడ్డం వచ్చాడు. ఆమె గురువు గారి వైపు చూసింది. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఆమె ఇంక చూడలేదు. కుడి మూల ఎండి అట్టకట్టిన పసుపు మీద తడి గుడ్డ పెట్టి తుడిచింది.

కింద "తె" ఉంది.

ఎక్కడికీ పోలేదు. నిన్న ఉన్నచోటే ఉంది. మనకి శుభలేఖ అంటే నాలుగు మూలలా పసుపు పెట్టాలి. వేల కార్డుల మూలలకు పసుపు పెట్టిన చెయ్యి, కంప్యూటరు తెరకీ నాలుగు మూలలా పెట్టేసింది. పండగ మర్నాడు పార్వతీపురంలో పసుపు లేని మిషను లేదు. కుట్టు మిషను మీద ఉంది, లారీ మీద ఉంది, శివున్నాయుడి స్క్రూడ్రైవరు పిడి మీదా ఉంది. అన్నిచోట్లా ఉన్నది ఎవరి కంటికీ ఆనలేదు. పైడితల్లి తెర మీది ప్రశ్నకి కాదని నొక్కి, తరవాత "తె" నొక్కి, వంగి ఒక్క మాట కొట్టింది. శ్రీరస్తు. సన్నటి అక్షరాల్లో, తలకట్టు ఉలితో తీసినట్టు, తెర మీద నిలబడింది. శివున్నాయుడు పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

గురువు గారు లేచారు. తన కుర్చీ చూపించి పైడితల్లిని కూర్చోమన్నారు. ఆ కుర్చీలో అంతకుముందు ఇంకొకరు కూర్చోగా నేను చూడలేదు. మేనమామతో, "మీ కార్డు కంపోజు చేసేది నా శిష్యురాలండి" అన్నారు. ఎవరినీ తన శిష్యులని ఆయన అంతకుముందు బయటివాళ్ళకి చెప్పిందీ లేదు. నా ఛాతీ ఎందుకు పొంగిందో నాకు తెలీదు. నేను కాగితం కోసేవాణ్ణి. అయినా పొంగింది.

గౌరీశ్వరరావుకి మింగుడుపడలేదు. "మంచిదే. కాని ముందు గురుగారిని ఒక్క మాట అడగాలి కదా" అన్నాడు.

"పొద్దున అడిగినాను కదా అన్నా" అంది పైడితల్లి, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

గురువు గారు ఆమె పక్కకి వచ్చి నిలబడ్డారు. "ఇదేనా నువ్వు అడిగింది?"

"ఔనండి. పసుపు వచ్చి స్టార్ట్ బొత్తాం మీద పడింది, సగం మూసీసింది. తుడిచేమంటారా అని అడుగుదామనుకున్నాను. భయమేసి ఇంకోలా అడిగినాను."

ఆయన తెరని చూశారు. మూడు మూలలా పసుపు ఉంది, ఒక మూల తడి ఉంది.

"తుడిచేమంటారా అని అడిగుంటే, వద్దనేవాణ్ణి" అన్నారు.

సాయంత్రానికి సాలూరు కార్డులు వెళ్ళాయి. లావు అక్షరాలు మళ్ళీ రాలేదు. ఆ దుకాణం శుభలేఖల మీద అప్పటినుంచి వధూవరుల పేర్లు కూడా సన్నటి అక్షరాల్లోనే పడుతున్నాయి.