ఎర్రగుడ్డ కట్టని గట్టు

మా గురువు బ్రహ్మలింగాచారి గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. చేతిలో చిత్రిక ఆగదు. అడిగినవాడు విసిగి లేవబోయే వేళకి ఒక మాట అంటారు, అదీ జవాబులా ఉండదు. పూజా పునస్కారం లేని అచల మార్గంలో ఆయన చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ గురువే గానీ, కాషాయం కట్టలేదు, వడ్రంగం మానలేదు. రొయ్యల చెరువుల తూములకి పలకలు చేస్తారు. ఆ పని చేసే పాకలోనే చెక్కపొట్టు మీద కూచుని మేం బోధ వింటాం. నేను రిటైరైన బడిపంతుల్ని. బోధకి ముందు పేపరు చదివి వినిపించడం నా వంతు.

ఆ రోజు పేపరు నిండా అమెరికా చైనాల గొడవే. అమెరికా చైనా సరుకు మీద సుంకం పెంచింది. నేనేం తక్కువ తిన్నానా అని చైనా అమెరికా సరుకు మీద పెంచింది. ఏళ్ళ తరబడి నడుస్తున్న పోరే, ఈసారి కాస్త రక్తం కారేలా ఉంది. నేను చదవడం పూర్తి కాకముందే గంధం వీరభద్రం లడ్డూల డబ్బా పట్టుకుని పాకలోకి వచ్చాడు. మా భద్రానికి కాలవ మీద ఓ రెండెకరాల రొయ్యల చెరువుంది. వరసగా పంటలు పోయి మనిషి బాగా చితికిపోయాడు. ఈ పంట కూడా పోతే చెరువు వదులుకుని హైదరాబాదులో వాచ్‌మెన్‌గా చేరాల్సిందేనని వాళ్ళావిడ మా ఆవిడ దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంది. అలాంటివాడు స్వీట్లు పంచుతుంటే నాకూ సంతోషమే వేసింది.

"ఏంటి భద్రం, విశేషం?" అన్నాను.

"మీరు చదివిందే కదండీ మేస్టారూ! చైనావాడి సరుకు అమెరికాలో ఆగిపోతే ఆ చోట్లోకి వెళ్ళేది మన రొయ్యే. ఇంక చూస్కోండి రేటు!"

"పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని ఊరికే అన్నారా!" అని నేను నవ్వాను. అందరూ నవ్వారు. అందరం లడ్డూలు తిన్నాం, నేనైతే రెండోది కూడా తీసుకున్నాను. ఆచారి గారు తన వాటా పక్కన పెట్టి చిత్రిక పడుతూనే ఉన్నారు.

అప్పుడు భద్రం ఆయన ముందు గొంతుక్కూచుని అడిగాడు.

"గురువు గారూ, ఒక ధర్మసందేహం. ఇద్దరు పెద్దోళ్ళు కొట్టుకుంటున్నారు. తగువు మనం పెట్టింది కాదు. ఆపడం మన చేతుల్లో లేదు. ఆ మధ్యలో రాలింది మనం ఏరుకుంటే తప్పుందంటారా?"

ఆచారి గారు పలక తిప్పి రెండో వైపు చిత్రిక పట్టారు. భద్రం లేవబోయాడు. అప్పుడాయన పలకని కంటి దగ్గర పెట్టుకుని వంకర చూసుకుంటూ, "నువ్వడిగేది ఆ దేశాల గురించేనా, నాయనా?" అన్నారు.

"ఆ... వాటి గురించేనండి," అన్నాడు భద్రం. అని మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఆ ప్రశ్న వెనకాల ఏముందో మాకప్పుడు తెలీదు. పౌర్ణమి నాటి బోధకి వచ్చి, మా అందరి ముందూ అతనే చెప్పుకున్నాడు. నేను కల్పించింది ఏమీ లేదు.

సంగతేమిటంటే, మా కాలవకీ ఒక అమెరికా, ఒక చైనా ఉన్నాయి. ఎగువన విజయగోపాలరాజు గారి చెరువులు. అమెరికా నుంచి తెచ్చిన తల్లి రొయ్యలకి హేచరీలో పుట్టించిన రొయ్యపిల్లని మా వైపు మొట్టమొదట వేసింది ఆయనే, అందుకని టీ కొట్టు దగ్గర ఆయన పేరు 'అమెరికా'. దిగువన చింతా ఏడుకొండలు చెరువులు. ఒకప్పుడు రాజుగారి దగ్గరే మేత చల్లే పనిలో ఉండి, పని నేర్చుకుని, బయటికొచ్చి, చెరువు నీళ్ళకి గాలి పట్టించే చైనా ఏరియేటర్లు చవగ్గా దింపి రాజుగారంత వాడయ్యాడు. అతని పేరు 'చైనా'. ఇద్దరికీ పడదు. లీజుకొచ్చిన ప్రతి ఎకరం దగ్గరా పోటీ, కొనుగోలుదారు లారీ ముందు ఎవరి గట్టుకి రావాలనే దగ్గర పోటీ. ఆ ఇద్దరికీ మధ్యలో భద్రం చెరువు.

కాలవ మీద చెరువులు మొదలైన రోజుల్లో పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. ఎవరి చెరువుకి తెల్లమచ్చ తెగులు తగిలినా తూము పక్కన కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టాలి. అది చూసి కిందివాళ్ళు తమ తూములు మూసుకుంటారు, ఆ నీళ్ళు ఎక్కించుకోరు. మంచి కట్టుబాటు. కానీ ఈ ఇద్దరి పోటీ ముదిరాక అది పోయింది. గుడ్డ కడితే ఎదటివాడు టీ కొట్టు దగ్గర పండగ చేసుకుంటాడని ఇద్దరూ మానేశారు. వాళ్ళని చూసి మిగతావాళ్ళూ మానేశారు. దానికి ఊరంతా ముసిముసిగా నవ్వుకున్నామే గానీ, ఇదేం పనయ్యా అని అడిగినవాడు ఒక్కడు లేడు. పంతులుగిరీ వెలగబెట్టిన నేను కూడా అడగలేదు.

లడ్డూలు పంచిన రోజు పొద్దున్నే భద్రం గట్టు మీదికి వెళ్ళాడట. ఎగువన రాజుగారి చెరువు మీద కాకులు మూగి ఉన్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే అంచుల వెంట రొయ్యలు ఒరిగిపోయి ఉన్నాయి, తలడిప్పల మీద తెల్లమచ్చలు. తూము తీసేసి ఉంది, ఆ నీళ్ళు కాలవలోకి పోతున్నాయి. ఎర్రగుడ్డ లేదు. భద్రం పరుగున వచ్చి తన తూము పలక దించేసుకున్నాడు. ఆ పలక ఆచారి గారు చేసిందే. అప్పటికి అంతా సబబే.

దిగువన ఏడుకొండలు గట్టు మీద నీళ్ళు తోడే ఇంజను దింపి పెట్టి ఉంది. మర్నాడు నీళ్ళెక్కిస్తాడని కాలవ మీద అందరికీ తెలుసు. భద్రం ఫోను తీశాడు. నంబరు కూడా నొక్కబోయాడు. అప్పుడొక ఆలోచన వచ్చింది. అటు అమెరికా పోయింది, ఇటు చైనా కూడా పోతే, కాలవ మీద నిలబడే పంట తనదొక్కటే. లారీ తన గట్టుకే రావాలి, రేటు తను చెప్పిందే. పైగా ఆ తగువు తను పెట్టింది కాదు. ఫోను జేబులో పెట్టుకుని తిన్నగా స్వీట్ల కొట్టుకి వెళ్ళాడు. మేం తిన్న లడ్డూలు అవన్నమాట.

తరవాత కథ అతను అనుకున్నట్టే మొదలైంది. ఏడుకొండలు నీళ్ళెక్కించాడు, ఆ వారంలోనే చెరువు మొత్తం పోయింది. వాళ్ళమ్మ గట్టు మీద కూలబడి శోకాలు పెడుతుంటే భద్రం తన గట్టు మీద నుంచి విన్నాడు. విని లోపలికెళ్ళి కొనుగోలుదారుకి ఫోన్ చేశాడు.

"రెండు పెద్ద చెరువులూ పోయాక మీ రెండెకరాల కోసం ఐసు లారీ ఎవడు పంపుతాడండీ?" అన్నాడు కొనుగోలుదారు. "వాళ్ళ సరుకుతో పాటు మీదీ ఎత్తేవాళ్ళం గానీ, మీ ఒక్కరి కోసం ఎప్పుడైనా వచ్చామా? అసలా కాలవ పేరెత్తితేనే ఎగుమతి ప్లాంటువాళ్ళు వద్దంటున్నారు. దానికి తోడు అమెరికావాడు మన రొయ్యల మీద కూడా సుంకం వేశాడు, పేపరు చూళ్ళేదా?"

చూశాడు. లడ్డూల రోజు తరవాత ఆ వార్తా నేనే చదివి వినిపించాను. ఆంబోతుల కుమ్ములాటలో లేగల కాళ్ళు విరుగుతాయన్న సామెత కూడా మన పెద్దలే చెప్పారు. ఆ రోజు లడ్డూ నోట్లో ఉండబట్టి నాకు పిల్లి సామెతే గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున భద్రం చెరువు అంచున ఒక రొయ్య ఒరిగి కనిపించింది. తల మీద తెల్లమచ్చ. తూము మూసినా కాకుల దారి మూయలేదుగా. రాజుగారి చెరువులో ఎత్తిన రొయ్యని ఏ కాకో ఇక్కడ జారవిడిచింది. ఆ పూటే రొయ్యంతా వలల్తో ఎత్తేసి, అదే పట్టుబడి చేసి, అమ్మెయ్యాలి, లేకపోతే రెండు రోజుల్లో మొత్తం పోతుంది. వల లాగే మనుషుల్లేరు, ఐసు లేదు, లారీ లేదు. వాళ్ళావిడ గట్టు మీద నిలబడి, "అయిపోయిందా అండీ?" అని మాత్రం అడిగింది.

అప్పుడు దిగువ గట్టు మీద నుంచి రెండు ట్రక్కు ఆటోలు వచ్చాయి. ముందు దాంట్లో ఏడుకొండలు. వెనక ఐసు దిమ్మలు, వలలు, పట్టుబడి కుర్రాళ్ళు.

"చూస్తా నిలబడ్డావేంటి బావా, దిగు నీళ్ళలోకి! నీ చెరువు మీద కాకులు తిరగడం చూసి వచ్చా. నా పంట కోసం చెప్పి పెట్టిన ఐసు ఎలాగూ కరిగిపోతోంది. నీదైనా దక్కనీ," అన్నాడు.

మధ్యాహ్నం దాకా నడుం లోతు నీళ్ళలో వల లాగారు. ఏడుకొండలే వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి, ఒక చిన్న ప్లాంటుకి సరుకు ఎక్కించాడు. రేటు అంతంతమాత్రమే గానీ చెరువు నిలిచింది. భద్రం భార్య ఏడుకొండలుకి దణ్ణం పెట్టబోతే, "ఊరుకోమ్మా చెల్లెమ్మా, ఏంటిది!" అని వెనక్కి జరిగాడట. తరవాత గట్టు మీద ఇద్దరూ మజ్జిగన్నం తింటున్నారు. ఏడుకొండలు అన్నాడట:

"రాజుగారు నాకు చెప్పలేదంటే అందులో అర్థం ఉంది బావా. నేను ఆయనకి పోటీవాణ్ణి. నా చెరువు ముందు పోయుంటే నేనూ చెప్పేవాణ్ణి కాదు. అంత చెడిపోయాం మేమిద్దరం. నీకు తెలిసుంటే మాత్రం నాకు ఫోన్ చేసేవాడివి. నీకూ తెలీకపోవడం నా ఖర్మ."

ఇంతవరకూ చెప్పి భద్రం ఆగిపోయాడు. పెద్ద మనిషి, పాకలో మా అందరి ముందూ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఆ ముద్ద ఇంకా ఇక్కడే ఉందండీ," అని గొంతు చూపించాడు.

మాలో ఎవరికీ తలెత్తే ధైర్యం లేకపోయింది. ఛీ, ఎంత పని చేశాడు అని తిట్టడానికి నా నోరు లేచింది గానీ, ఆ లడ్డూలు గుర్తొచ్చి మూసుకున్నాను. సామెత చెప్పి నవ్వించింది నేను. సిగ్గు పడాల్సింది అతనొక్కడే అయితే నాకు హాయిగా ఉండేది. ఆ రోజు ఒళ్ళో ఉన్న పేపరు విప్పలేదు, మడిచి కింద పెట్టేశాను.

ఆచారి గారు పలక చిత్రిక పడుతూనే ఉన్నారు. భద్రం మొహం తుడుచుకుని అడిగాడు.

"గురువు గారూ, ఆ మనిషికి చెప్పమంటారా, వద్దంటారా? చెబితే నా మొహం చూడడు. ఆపదలో నాకున్న ఒక్క మనిషీ పోతాడు. చెప్పకపోతే రోజూ బావా అని పిలుస్తాడు, రోజూ నేను పలకాలి. జరిగిందేదో జరిగిపోయింది. రాజుగారి చెరువు ఎండగట్టేశారు, ఏడుకొండలుదీ ఎండగట్టేశారు. తెగులు కూడా పోయినట్టే. ఇప్పుడు చెప్పి ఎవరికి లాభం?"

భద్రం కాసేపు చూసి, దణ్ణం పెట్టి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాడు.

ఆచారి గారు అప్పుడు చిత్రిక పక్కన పెట్టారు. ఆయన పని ఆపి మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

"ఆ రెండు చెరువులూ ఎండిపోయాయి నాయనా," అన్నారు. "ఎర్రగుడ్డ కట్టాల్సిన గట్టు ఇంక ఒక్కటే మిగిలింది."