ముద్ర పడిన మూడు ఆకులు

కొండల నడుమ కుందవరమని ఒకానొక రాజ్యం ఉండేది. దానికి రాజు చిత్రభానుడు. మనిషి మంచివాడే, కానీ తాను కనిపెట్టిన పద్ధతి అంటే మహా మురిపెం. కోటలో జరిగే ప్రతి సేవకూ ఒక తాటాకు రాయించాడు. ఆ సేవ ఎవరు చేయాలి, ఎలా చేయాలి, దానికి కావలసినది ఎక్కడినుంచి రావాలి, అన్నీ అందులో ఉండాలి.

ఆకు రాయడానికీ ఒక వరస ఉంది. గిన్నెలో గిన్నె అమర్చుతాం చూడండి, అలాగన్నమాట. పెద్ద సంగతి మొదట్లో ఒక గుర్తు, అది ముగిశాక మళ్ళీ అదే గుర్తు. దాని లోపలి చిన్న సంగతికీ అంతే. తెరిచిన గుర్తు మూయకపోతే మంత్రి గుణభద్రుడు ఆకును వెనక్కి పంపేవాడు. అన్నీ కుదిరితే లక్కముద్ర వేసేవాడు. ముద్ర పడిన ఆకును మీరితే కొలువు పోయినట్టే.

"ఇక మా కోటలో తప్పు జరగడానికి చోటే లేదు," అనేవాడు రాజు, మీసం దువ్వుకుంటూ.

ఒకనాడు వంటశాల పోలమ్మను భటులు సభకు తీసుకొచ్చారు. ముప్పై ఏళ్ళుగా రాజుగారికి వండిపెడుతున్న ముసలామె. పొయ్యికి నిప్పు దీపశాల నుంచి తేవాలని ఆకులో ఉంటే, ఆమె కోట వెనక కుమ్మరి కుండలు కాల్చే ఆవం నుంచి తెచ్చిందట.

"నిజమేనా?" అన్నాడు రాజు.

"నిజమే దొరా. రోజూ అక్కడినుంచే తెస్తాను. పొద్దున్నపూట దీపశాలలో నిప్పుండదు."

"దీపశాల ఆకు నేనే చూశాను ప్రభూ. ముద్ర కూడా వేశాను. నిప్పు ఉండకపోవడమేమిటి?" అన్నాడు గుణభద్రుడు.

"రేపు పొద్దు గుంకేలోగా కోట విడిచి వెళ్ళు," అన్నాడు రాజు. పోలమ్మకు కోట తప్ప వేరే ఇల్లు లేదు.

ఇదంతా ఒక మూల నుంచి వింటున్నాడు మాచన. అతను కొలువులో చమత్కారి. ఏ సంగతైనా దాని మొదలు ఎక్కడుందో చూడనిదే అతనికి తోచదు. ముద్ర ఉంది, నిప్పు లేదు. ఇదెలా? నేరుగా దీపశాలకు వెళ్ళి ఆ ఆకు చదివాడు. తరవాత సరుకులుండే ఉగ్రాణానికి వెళ్ళి అక్కడి ఆకూ చదివాడు. చదివి, తనలో తాను నవ్వుకుంటూ రాజు దగ్గరికి వచ్చాడు.

"ప్రభూ, రేపు ఒక్కరోజు వంటశాల, దీపశాల, ఉగ్రాణం అక్షరం తప్పకుండా ఆకు ప్రకారమే నడవాలని ఆజ్ఞ ఇవ్వండి. తమ పద్ధతి ఎంతటిదో అందరూ చూస్తారు."

రాజు పొంగిపోయి ఆజ్ఞ ఇచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నమైంది. రాజుకు భోజనం రాలేదు. ఇంకో గడియ చూశాడు, అయినా రాలేదు. కడుపు నకనకలాడుతుంటే రాజే మంత్రిని, మాచనను వెంటబెట్టుకుని వంటశాలకు నడిచాడు. అక్కడ పోలమ్మ చల్లటి పొయ్యి ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. ఎదురుగా ఖాళీ విస్తరి ముందు ఉగ్రాణాధికారి కూర్చున్నాడు. గుమ్మం దగ్గర ఖాళీ నూనె కుండతో దీపశాలవాడు నిలబడ్డాడు.

"వంటేదీ?"

"ఆకు ప్రకారం దీపశాల నిప్పు రావాలి దొరా."

మాచన నడుముకు చుట్టుకున్న దారపు ఉండ తీసి, ఒక కొస గుణభద్రుడి చేతికిచ్చాడు. "మంత్రిగారూ, మీరు వంటశాల. కొస వదలకండి. మీకేం కావాలి?"

"నిప్పు. దీపశాల నుంచి."

మాచన దారం లాక్కుంటూ దీపశాలవాడి దగ్గరికి వెళ్ళాడు. "నీకేం కావాలయ్యా?"

"నూనె. రాత్రిది తెల్లారేసరికి అయిపోతుంది. కొత్తది ఉగ్రాణం తెరిస్తేనే వస్తుంది."

దారం ఉగ్రాణాధికారి దాకా వచ్చింది. "మరి తమరు తాళం తీయరేం?"

"ఖాళీ కడుపుతో వెళ్తే బెల్లం మీద చెయ్యి పడుతుందని, వంటశాలలో భోంచేశాకే తీయమన్నారు. నా ఆకులో అలాగే ఉంది. ముద్ర కూడా పడింది."

మాచన దారం రెండో కొస తెచ్చి గుణభద్రుడి రెండో చేతిలో పెట్టాడు. "ఇదిగో మంత్రిగారూ, మీ వంట కోసం మీరే ఎదురుచూస్తున్నారు."

గుణభద్రుడు ఒక చేతిని, ఇంకో చేతిని మార్చి మార్చి చూసుకున్నాడు.

"ప్రభూ, ఏ ఆకుకా ఆకు చక్కగానే ఉంది. మూడూ పక్కపక్కన పెట్టి చదివినవారు లేరు. ఇన్నాళ్ళూ తమకు అన్నం పెట్టింది ఈ ముద్రలు కావు, పోలమ్మ చేసిన తప్పు."

రాజు ముఖం ఒక క్షణం ముడుచుకుంది. అంతలో రెండు కొసలూ పట్టుకుని నిలబడ్డ మంత్రిని చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆకలి పొట్ట కదా, నవ్వితే నొప్పి పుట్టింది, అయినా నవ్వాడు. మెడలోని ముత్యాల హారం తీసి మాచనకు వేశాడు.

"పోలమ్మా, నీ శిక్ష రద్దు. ఇకమీదట ఏ ఆకుకు ముద్ర వేయాలన్నా, దానితో ముడిపడిన ఆకులన్నీ ముందు నీ ఎదుట పెట్టాలి. నువ్వు సరేనన్నాకే ముద్ర."

"నాకు చదువు రాదు కదా దొరా?"

"మంత్రిగారు చదివి వినిపిస్తారులే," అన్నాడు రాజు. "ముందు ఆ కుమ్మరి ఇంటికి వెళ్ళి నిప్పు పట్టుకురా తల్లీ."