నూకరాజు వేసిన నాలుగు అతుకులు

"వంక పెట్టడానికి వీల్లేనంత బాగా చేసిన పని కూడా చెడిపోతే, ఆ తప్పు ఎవరిదండీ మాస్టారూ?"

నూకరాజు ఈ ప్రశ్న అడిగింది ఒక శుక్రవారం మధ్యాహ్నం, దివాన్‌చెరువు దగ్గర హైవే పక్కనున్న దానియేలు మాస్టారి షెడ్డులో. మాస్టారు ఇరవై ఏళ్లు ఐటీఐలో మోటారు మెకానిక్ పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఈ షెడ్డు వేసుకున్నారు. అడిగినదానికి నేరుగా జవాబు చెప్పే అలవాటు ఆయనకు పాఠాలు చెప్పే రోజుల్లోనే లేదు. ప్రశ్న విని, కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో నిదానంగా తుడుచుకునేవారు. ఆ తుడవడం పూర్తయ్యేలోపే చాలామంది శిష్యులు విసుగెత్తి లేచిపోయేవారు.

నూకరాజు లేవలేదు. లేచి వెళ్లే దారి లేదతనికి. ఎదురుగా సోమిరెడ్డి జీపు నిలబడి ఉంది.

నూకరాజుకి ముప్ఫై రెండేళ్లు. ఇక్కడికి రాకముందు తొమ్మిదేళ్లు కాకినాడలో సెల్‌ఫోన్లు బాగుచేశాడు. వెంట్రుకంత తీగనైనా టంకం పెట్టి అతికించగల చెయ్యి అతనిది. మోటారు పనిలోకి మారి రెండేళ్లయినా, ఎక్కడ వైరు తెగినా పక్క షెడ్ల వాళ్లు అతన్నే పిలుచుకుపోయేవారు. తన చేతి పనితనం అతనికీ తెలుసు. తెలిసినట్టు పైకి కనబడనిచ్చేవాడు కాడు, అంతే.

సోమిరెడ్డిది మన్యంలో ఒక గూడెం. ఊరు దాటి ఎటు వెళ్లాలన్నా కొండదారి ఘాటు ఎక్కి దిగాల్సిందే. అతని పాత పెట్రోలు జీపు చుట్టుపక్కల మూడు గూడేలకు బస్సూ, అంబులెన్సూ కూడా. నెల కిందట ఆ జీపు ఇంజనుకు ఆనుకుని ఉండే పొగగొట్టం పగిలింది. అలాంటి పాత సామాను ఎక్కడా దొరకలేదు. దాని బదులు హెడర్ అనే బయటి తయారీ పొగగొట్టాలు తెప్పించి బిగించారు. అవి పాతదానికంటే పొడుగు. దాంతో ఆక్సిజన్ సెన్సరు కూర్చునే చోటు అడుగున్నర కిందికి జరిగింది. పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలిందో కనిపెట్టి ఇంజను కంప్యూటరుకు చెప్పేది ఆ సెన్సరే. ఆ కబురును బట్టే కంప్యూటరు పెట్రోలు పోస్తుంది. ఇప్పుడు దాని వైరు అందలేదు.

మాస్టారు కంటి ఆపరేషనుకు వెళ్లిన వారంలో వచ్చిన పని అది. అందని వైరును నూకరాజే అందించాడు. సెన్సరుకు తోకలా ఉండే వైర్ల కట్టను మధ్యలో కోసి, నాలుగు వైర్లకూ కొత్త ముక్కలు కలిపి, ఒక్కో అతుకులోకీ టంకం నిండుగా పారించి, పైన రబ్బరు తొడుగులు వేసి వేడితో బిగించాడు. చీమ దూరే సందు లేదు. మీటరు పెట్టి చూస్తే అతుకున్న జాడే తెలియలేదు. ఆ పూట ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్లాడు.

జీపు వారం రోజులు బాగానే తిరిగింది. తర్వాత ఘాటులో నల్లపొగ కక్కి ఆగింది. నూకరాజు అతుకులు చూశాడు, నిక్షేపంగా ఉన్నాయి. సెన్సరే చెడ్డదని తేల్చి, కొత్తది వేసి, అదే శ్రద్ధతో మళ్లీ నాలుగు అతుకులూ వేశాడు. మళ్లీ అక్కడే ఆగింది. ఈసారి జీపులో పదో తరగతి పరీక్షకు వెళ్తున్న ఏడుగురు ఆడపిల్లలున్నారు. వాళ్లు చెప్పులు చేతబట్టుకుని మూడు కిలోమీటర్లు పరుగెత్తి, గేటు మూసే వేళకు లోపలపడ్డారు. అందులో ఒకమ్మాయి ఆయాసం తీరక అరగంటదాకా పెన్ను కాగితం మీద పెట్టలేదట.

సోమిరెడ్డి ఇదంతా గొంతు పెంచకుండానే చెప్పాడు.

"సోమవారం లెక్కల పరీక్ష తమ్ముడూ. ఆ దారికి ఇంకో బండి రాదు. నీ మాట మీదే ఉన్నాను."

తిట్టినా బాగుండును అనిపించింది నూకరాజుకి. అతుకులన్నీ మూడోసారి మీటరు పెట్టి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడే వెళ్లి మాస్టార్ని ఆ ప్రశ్న అడిగాడు.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని, "గాజు గ్లాసులో నీళ్లు పట్రా" అన్నారు.

నూకరాజు తెచ్చాడు. ఆయన పాత సామాను డబ్బాలోంచి అతను తీసి పారేసిన మొదటి సెన్సరు బయటికి తీశారు. దాని తోకలో అతుకు లేని చోట జానెడు ముక్క కత్తిరించారు. ఒక కొసను గాలి కొట్టే కంప్రెసరు రబ్బరు గొట్టంలో దూర్చి, గాలి పక్కలనుంచి పోకుండా క్లిప్పుతో బిగించి, రెండో కొసను నీళ్లలో ముంచమని నూకరాజు చేతికిచ్చారు. గాలి వదిలారు.

వైరు కొసనుంచి ఆవగింజంత బుడగ ఒకటి పైకి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత దండ గుచ్చినట్టు వరసగా వస్తూనే ఉన్నాయి.

నూకరాజు నోరు తెరిచి చూశాడు. తొమ్మిదేళ్లు వైర్లతో బతికినవాడు. పైతొడుగు లోపల పేనిన సన్నతీగల నడుమ దారి ఉంటుందనీ, ఆ దారిన గాలి నడుస్తుందనీ అతనికి ఏనాడూ తట్టలేదు.

మాస్టారు రెండో ముక్క కత్తిరించారు. ఇందులో అతను వేసిన అతుకు ఉంది. దాన్నీ అలాగే బిగించి గాలి వదిలారు. నీళ్లు కదల్లేదు. గాలి ఇంకాస్త పెంచారు. నీళ్లు కదల్లేదు.

"వైర్లో పోయేది కరెంటు కదండీ..." అన్నాడు నూకరాజు.

"పొగ ఎలా ఉందో అది చెప్పాలి. మంచి గాలి ఎలా ఉంటుందో దానికి తెలియకుండా ఎలా చెబుతుంది?" అన్నారు మాస్టారు.

అప్పుడు తెలిసింది నూకరాజుకి. సెన్సరు లోపలికి బయటి గాలి ఆ వైర్లలోంచే వెళుతోంది. ఆ గాలితో పోల్చి చూసుకునే అది పొగ సంగతి చెబుతోంది. తను టంకం పోసి ఆ దారి మూసేశాడు. లోపల మిగిలిన కాస్త గాలితో అది వారం రోజులు నెట్టుకొచ్చింది. ఆ తర్వాత ఏం చెబుతోందో దానికే తెలియలేదు. దాని మాట నమ్మి కంప్యూటరు పెట్రోలు కుమ్మరించింది. ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగింది.

అతను ఆ పూట అన్నం ముట్టలేదు. శనివారం రాజమండ్రి వెళ్లి ఇంకో సెన్సరు తెచ్చాడు. ఈసారి దాని తోక మీద కత్తెర పెట్టలేదు. జీపు వైపునుంచి వచ్చే ప్లగ్గుకీ, సెన్సరు ప్లగ్గుకీ మధ్య అడుగున్నర వైరు వేరే తయారుచేశాడు. రెండు కొసలకూ పిన్నులు పెట్టి, గాలి దారి మూసుకుపోకుండా టంకం లేకుండానే నొక్కి బిగించాడు. వైరు గొట్టాల వేడికి దూరంగా బండి అడుగు చట్రం పక్కనుంచి నడిచేలా, ఇంజను అదిరినా లాక్కుపోకుండా కొంచెం వదులుంచి క్లిప్పులు వేశాడు. చూస్తే అతనికే అరకొర పనిలా కనిపించింది. రెండుసార్లు టంకం పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మాస్టారు వచ్చి, వంగి చూసి, తల ఊపి వెళ్లిపోయారు.

ఆదివారం సోమిరెడ్డితో కలిసి తనూ జీపులో గూడేనికి వెళ్లాడు. సోమవారం పొద్దున్నే ఏడుగురు పిల్లలూ ఎక్కారు. నూకరాజు ముందు సీట్లో ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చున్నాడు. ఘాటు మొదలైంది. వెనక ఒకమ్మాయి సూత్రాలు వల్లెవేస్తోంది. మూడో మలుపు దగ్గర ఆ గొంతు ఆగింది.

"మొన్న ఇక్కడే ఆగిందన్నా" అంది ఆ అమ్మాయి.

సోమిరెడ్డి గేరు మార్చాడు. ఇంజను ఒక్కసారి గట్టిగా మూలిగి, మలుపు తిరిగి, పైకి లాగింది. నూకరాజు తల బయటపెట్టి వెనక్కి చూశాడు. రోడ్డు మీద ఎర్రదుమ్ము తప్ప పొగ లేదు. వెనకనుంచి సూత్రాలు మళ్లీ మొదలయ్యాయి, ఈసారి ఇద్దరి గొంతులతో.

పరీక్ష కేంద్రానికి యాభై నిమిషాలు ముందే చేరారు. పిల్లలు గోడ నీడన కూర్చుని తెచ్చుకున్న ఇడ్లీలు విప్పారు. ఒకటి ఆకులో పెట్టి నూకరాజుకీ ఇచ్చారు. తింటుంటే అతనికి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. పచ్చడి కారమని చెప్పి తుడుచుకున్నాడు. సోమిరెడ్డి ఇంజను ఆపాడు. మళ్లీ స్టార్టు చేసి, కాసేపు ఆ చప్పుడు విని, మళ్లీ ఆపాడు.

"మిగతా పరీక్షలకు నువ్వు రానక్కర్లేదులే తమ్ముడూ" అన్నాడు నవ్వుతూ.

మంగళవారం సాయంత్రం నూకరాజు షెడ్డుకు వచ్చి జరిగిందంతా మాస్టారికి చెప్పాడు. మలుపు సంగతీ, ఇడ్లీ సంగతీ కూడా దాచలేదు. చెప్పడం అయ్యాక, తన అరచేతుల వంక చూసుకుంటూ, "అయితే తప్పు ఈ చేతులదేనండీ" అన్నాడు.

మాస్టారు లేచి షెడ్డు తలుపు దగ్గరికి వేస్తూ అన్నారు:

"చేతుల్ని ఎందుకంటావు? నువ్వు చెప్పిన పని అవి చక్కగానే చేశాయి."