తిరిగి రాని మూటగుడ్డలు

అనగనగా ఉప్పు తప్ప ఇంకేమీ పండని ఒక ఊళ్ళో నూకాలని ఒక కోడలు ఉండేది. కాళ్ళు ఆడించకు, దుప్పటి సర్దుకో, చెప్తున్నా. నూకాలు పుట్టిల్లు కొండ కింద. మూడు రోజుల బండి ప్రయాణం. అమ్మా నాన్నా లేరు. పెంచింది వాళ్ళ అప్ప పైడితల్లి. అప్పంటే అక్కేలే.

ఆ ఏడు ఉప్పుగాలి పడక నూకాలుకి దగ్గు పట్టుకుంది. ఖంగు ఖంగుమని ఒకటే దగ్గు. కొండకి ఉప్పు తోలే సూరయ్య ఆ కబురు అప్పకి చేరవేశాడు.

అప్పుడు పైడితల్లి, పెరట్లో వాళ్ళమ్మ నాటిన వావిలి చెట్టుకి దణ్ణం పెట్టి ఆకు కోసింది. ఎండ తగిలితే సారం పోతుందని చూరు నీడన పరిచి, రోజూ తిరగేసి, గలగలలాడేదాకా ఆరబెట్టింది. పాతచీర ముక్కలో మూటకట్టి, "మరిగే నీళ్ళల్లో వేసి ఆవిరి పట్టమను" అని సూరయ్యకి మరీ మరీ చెప్పి పంపింది.

మూట విప్పగానే నూకాలుకి గుప్పుమని పుట్టింటి వాసన వచ్చింది. పెరడు, చూరు, అప్ప చేతులు, అన్నీ అందులోనే. మరిగిస్తే ఇదంతా ఒక్క పూటకే అయిపోదూ? మనసొప్పక, పిచ్చిది, మూట మళ్ళీ కట్టేసి తలగడ కింద పెట్టుకుంది. సూరయ్య అడిగితే "ఆఁ, పట్టాను" అనేసింది.

ఆ తర్వాత రెండో మూట వచ్చింది. దాన్ని బియ్యం కుండలో దాచింది. మూడోది వచ్చింది. దాన్ని పెట్టెలో చీరల మధ్య పెట్టింది. దగ్గు మాత్రం తగ్గలేదు. మనిషి పుల్లలా అయిపోయింది.

అక్కడ పైడితల్లికి మనసు మనసులో లేదు. వాళ్ళ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. మందాకు వాడేశాక మూటగుడ్డ ఉతికి, ఇచ్చినవాళ్ళకి తిరిగి పంపాలి. మూడు మూటలు వెళ్ళాయి, ఒక్క గుడ్డా రాలేదు. "అది ఆకు ముట్టుకోవడం లేదు సూరయ్యా!" అని ఉప్పుబండెక్కి కూర్చుంది.

వచ్చీ రాగానే ఇల్లంతా గాలించి మూడు మూటలూ పట్టుకుంది. "ఎందుకే ఇలా చేశావు?"

"బెంగ, అప్పా. ఇవి అయిపోతే నాకు మన ఇల్లు ఉండదు" అని నూకాలు బావురుమంది.

అప్పుడు పైడితల్లి దాని వీపు మీద ఒక్కటి వేసింది. వేసి, గుండెలకి హత్తుకుంది. "ఆకు అయిపోతే మళ్ళీ పంపుతానే. నువ్వు అయిపోతే నేనెవరికి పంపను?"

ఆ వెంటనే పొయ్యి ముట్టించి నీళ్ళు మరగబెట్టింది. ఒకే దుప్పటి కప్పుకుని ఇద్దరూ ఆవిరి పట్టారు. చెమటేదో కన్నీళ్ళేవో తెలీలేదు. మూడు పూటల్లో మూడు మూటలూ అయిపోయాయి. దగ్గు తీసేసినట్టు పోయింది. "గుడ్డలు ఉతికి పంపు, చూస్తుంటాను" అని చెప్పి పైడితల్లి బండెక్కింది.

ఆ తర్వాత నెల తిరక్కుండానే మూడు గుడ్డలూ కొండ కింది ఇంటికి వచ్చాయి. ఒక్కోదాని కొసన గుప్పెడు ఉప్పు కట్టి ఉంది. పైడితల్లి వాటిని మొహానికి అద్దుకుంది. సముద్రం వాసన, దాని వెనకాల నూకాలు వాసన. ఆ ఉప్పు కూరలో వెయ్యడానికి చెయ్యి రాక, ముడి విప్పకుండా చూరులో దాచుకుంది. చూశావా, చెల్లిని తిట్టిన అప్ప!

ఆకు వెళ్ళె కడలి వైపు,
ఉప్పు వచ్చె కొండ వైపు,
కథ నడిచె కంచి వైపు,
మనం పోదాం ఇంటి వైపు.